నా యెదుటి గొయ్యి

నేను మంగళగిరి లక్ష్మీనరసింహస్వామి దేవళమునకు తూర్పు వాకిట నిలిచిన గాలిగోపురమును. పదునొకండు అంతస్తులతో, 153 అడుగుల యెత్తున, పైకి పోనుపోను సన్నగిలు మేనితో నున్న నన్ను చూచి, విజయవాడనుండి గుంటూరికి పోవు బస్సులోని ముసలివారు కిటికీలోనుండియే చేతులు జోడింతురు. పడుచువారు ఫోనెత్తి ఫోటో తీసికొందురు. రెండింటిని నేను సమభావముతోనే స్వీకరించుచుందును. అయినను నా పుట్టుకయందొక అవమానము గలదు. దానిని దాచిపెట్టి చెప్పునది ఆత్మకథ కాజాలదు గనుక మొదటనే చెప్పివేయుదును: నేను పుట్టినప్పుడే ఒరిగిపోయినదానను.

నన్ను కట్టించినవాడు వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు, చింతపల్లి విడిచి కృష్ణయొడ్డున అమరావతిని రాజధానిగా చేసికొన్న జమీందారు. 1807లో మొదలిడి 1809 నాటికి నన్ను ముగించిరి. చెంచులను చంపించిన పాపమున ఆయనకు కంచములోని అన్నము పురుగులై కనబడెననియు, ఆ పీడ వదలించుకొనుటకే ఊరూర గుళ్లు కట్టించి గోపురములెత్తించెననియు జనులు చెప్పుకొందురు. నేను పుట్టకముందటి ముచ్చటకు నేను సాక్ష్యము చెప్పలేను. కాని ఒక మనుష్యుడు రెండు మూడేండ్లలో ఇంత యెత్తునకు చేయి చాపెనన్నచో, అతనిలోపల నిద్రపట్టనీయనిది ఏదో ఉండియే యుండవలెనని నాకు తోచును.

కట్టుట ముగిసిన పిమ్మట నేనొకవైపునకు వాలితిననియు, పనివారు తలలు పట్టుకొని కూర్చుండగా కాంచీపురమునుండి వచ్చిన స్థపతులు నన్ను ఎగాదిగా చూచి, నా మీద ఒక్క రాయియైనను కదల్పక, ఎదుట ఒక కోనేరు త్రవ్వుడని చెప్పిరనియు, త్రవ్వినకొలది నేను మెల్లమెల్లగా నిటారైతిననియు కథ. ఈ కథ విని నవ్వినవారు పలువురు కలరు. ఇటలీలోని పీసా గోపురము మితిమీరి వాలగా 1990లో దానిని మూసివేసి, మట్టి గుణములెరిగిన పండితులు పదేండ్లు తర్జనభర్జనలు పడి, తుదకు వాలినదానికి ఎదుటివైపున పునాదిక్రింది మట్టిని కొంచెము కొంచెముగా తోడివేసి, రమారమి 45 సెంటీమీటర్లు వెనుకకు రప్పించి, 2001లో మరల తలుపులు తెరిచిరని విన్ననాటినుండి ఆ నవ్వులు కొంత తగ్గినవి. మా కంచి స్థపతులకు ముట్టిన బహుమానమెంతయో ఎవరును వ్రాసి పెట్టలేదు. ఏమైనను, ఎత్తుగా నిలిచినదానను నేను. నన్ను నిలిపినది మాత్రము గొయ్యి.

1816లో పిండారీలను దోపిడి దండులు గుంటూరు సీమపై విరుచుకొనిపడిరి. నా యజమానియు ఆ యేడే గతించెను. నందన సంవత్సరమున, అనగా 1832లో, వానలు మొగము చాటు వేసినవి. డొక్కల కరువని పిలువబడిన ఆ కరువున గుంటూరు జిల్లాలోని అయిదు లక్షల జనములో రెండు లక్షలవరకు రాలిపోయిరందురు. ఆ యేటనే ఇచ్చటి కోనేరు అడుగంటగా బురదలోనుండి 9,840 తుపాకులును, 44 గుండ్లును బయటపడెనని ఊరివారు చెప్పుకొందురు. ఆ లెక్కను ఒక్కమారు నిదానముగా చూడుడు: తుపాకులు పదివేలకు చేరువ, గుండ్లు నలువది నాలుగు! గంజికై దోసిలి పట్టిన ఊరికి గొయ్యి ఇనుము పెట్టినది.

నాకు పోటీదారు వెనుకనున్న కొండ. పడుకొన్న యేనుగువలె నుండు ఆ కొండపై మూర్తి లేదు, తెరిచిన నోరు మాత్రమే కలదు. భక్తులు బిందెలతో తెచ్చిన బెల్లపు పానకమును పూజారి శంఖముతో పోయగా, గుటకల చప్పుడు వినిపించి, సగము త్రాగి సగము ప్రసాదముగా విడుచునను ప్రతీతిగల పానకాల స్వామి అచ్చట వెలసెను. ఇంత పానకము ఒలికినచోట ఈగయు చీమయు కానరావని వచ్చినవారెల్లరు ఆశ్చర్యపడుదురు. కొండ పూర్వము అగ్నిపర్వతమనియు, గంధకమును బెల్లము శాంతింపజేయుననియు చెప్పు చదువరులును కలరు. వారును పానకము త్రాగియే దిగుదురు. మెట్లదారిని 1890లో చెన్నాప్రగడ బలరామదాసుగారు కట్టించిరి. 1515లో కృష్ణదేవరాయలు కొండవీడును గెలిచిన సంగతి ఇచ్చటి శాసనములో చెక్కబడియున్నది. వయస్సులో నేను కొండకు కుర్రదానను, శాసనమునకును కుర్రదాననే. ఈ ఊరిలో నా మాటకు విలువ నా పొడవును బట్టి వచ్చినదే గాని నా యేండ్లనుబట్టి వచ్చినది కాదు.

ఇక నా చూపు దిగువకు మరలుచున్నది. నేను చూచుటకు ఇష్టపడునది అదియే.

నా చుట్టునున్న వీధులలో ఇంటింట నేలలో ఒక గొయ్యి ఉండెడిది. నడుములోతు త్రవ్వి, అందులో కాళ్లు వ్రేలాడవేసి, గట్టుమీద కూర్చుండి, అడుగున తొక్కుడు చెక్కలు త్రొక్కుచు, చేత నాడెను ఆడించుచు నేయుదురు, దానినే గుంటమగ్గమందురు. వేకువజామున వీధి పొడవున పడుగు సాగదీసి గంజిపట్టించి, ఇద్దరు మనుష్యులు ఇరువైపుల నడుచుచు కుంచెతో దువ్వుచుండగా, ఆ దారిని పోవలసిన ఎడ్లబండి కూడ ఆగి నిలిచెడిది. నడిమి బట్టలో పువ్వులు లేక, అంచున మాత్రము జరీ నిండుగా నిలిచిన నిజాం అంచు చీర అట్లు పుట్టినది. ఉడుపునందు మితము, అంచునందు ఠీవి: మా యూరి శీలమెట్టిదని అడిగినవారికి నేనా చీరను చూపుదును. ఆ నేత నేడు ఊరి పేరుతోనే భౌగోళిక గుర్తింపు పొందినది. వానకాలము వచ్చినచో మాత్రము గోతులలో ఊట ఊరును, పడుగు నెమ్ముకొనును, మగ్గమాగును. నా కోనేరు నిండినదని ఊరు సంతసించునప్పుడు, నేతవాని గొయ్యియు నిండినదని ఇల్లు బెంగపడును. ఒకే నీరు, రెండు గోతులు. రెండువందల యేండ్లుగా చూచుచున్నను ఈ చిక్కు నాకు విడలేదు.

మీటరుగేజి రైలు వచ్చిన నాడు మొదటిసారి నా సున్నముమీద బొగ్గు మసి పడినది. చింతక్రింది కనకయ్యగారి పేరిట వెలసిన సి.కె. హైస్కూలు గంట నాకు వినబడును. మగ్గము గట్టున పలకపట్టిన పిల్లలు ఆ గంటకు పరుగెత్తెడివారు. 1976లో దక్షిణమున గుంటూరు త్రోవలో నాగార్జున విశ్వవిద్యాలయము వెలసెను. కొండ ప్రక్కన గాలి మంచిదని క్షయరోగులకొరకు శానిటోరియము కట్టిన భూములలోనే నేడు ఎయిమ్స్ ఆస్పత్రి నిలిచినది: 2015 డిసెంబరులో శంకుస్థాపన, 2018లో తొలి వైద్య విద్యార్థులు, 2024 ఫిబ్రవరిలో జాతికి అంకితము. ఒకనాడు దగ్గువారిని ఊరికి ఎడముగా నుంచిన చోటికి, నేడు నాలుగు జిల్లాల రోగులు వెదకికొని వత్తురు. తెల్లవారుజామున ఎకో పార్కులో చేతులూపుచు నడుచు ఉద్యోగులను చూచి, పగలెల్ల గోతిలో కాళ్లాడించు నేతగాడు ఏమనుకొనునో!

2015 అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెమున రాష్ట్ర రాజధానికి పునాదిరాయి పడినప్పటినుండి నా పరిసరముల నేల ధర పెరిగినంత వేగముగా ఏ తీగయు పెరుగలేదు. 2021లో తాడేపల్లితో మమ్ము కలిపి నగరపాలక సంస్థను చేసిరి. ఉత్తరమున పదమూడు కిలోమీటర్లలోని విజయవాడవారు మమ్ము శివారు అందురు. ఇరువది చిల్లర దూరములోని గుంటూరువారును అదియే అందురు. ఇద్దరికి శివారైనది రెంటికి నడుమ నున్నదని ఎవరికిని తట్టలేదు. మాఘ ఫాల్గుణములలో ఆ నడిమి బాటమీదుగా మిరపకాయ బస్తాలతో లారీలు పోవునప్పుడు నా పదునొకండవ అంతస్తులోని పావురములు కూడ ఉక్కిరిబిక్కిరియగును. ప్రత్తిబేళ్ల లారీనుండి ఎగిరిన దూది నా బొమ్మల చెవులలో చిక్కుకొనును. ఇరుప్రక్కల అపార్టుమెంట్లు లేచుచున్నవి. అవి పది పండ్రెండంతస్తులు లేచుటకు ముందు ఎంత లోతు త్రవ్వుచున్నారో నేను శ్రద్ధగా చూచుచుందును. ఆ విషయమున నాకు అనుభవము కలదు గదా.

చదువరులారా, ఫాల్గుణ పౌర్ణమినాటి రథోత్సవమునకు రండు. జనము మోకు పట్టి లాగునప్పుడు తల యెత్తి నన్ను చూడుడు. కాని ఆ పిమ్మట ప్రక్కవీధిలో మగ్గమాడు ఇల్లు ఒకటి వెదకి, గడపవద్ద వంగి లోపలికి చూడుడు. వెనుకటికన్న మగ్గములు తగ్గినవి గనుక కొంత తిరుగవలసివచ్చును. పండుగనాడు మగ్గము మూసియుండును. మరునాటి ఉదయమువరకు ఊరిలో నిలిచినచో నాడె చప్పుడు వినబడును.