డెబ్బై మైళ్ళ ధీమా

బ్రిటన్‌లో పాత స్పోర్ట్స్ కారు అమ్మకానికి పెట్టేవాళ్ళు అబద్ధాలాడరు. తుప్పుంటే కాలం తెచ్చిన అందం అంటారు. నూనె కారుతుంటే ఈ మోడల్ లక్షణమే అది, కారకపోతేనే కంగారు పడాలి అంటారు. అంతవరకూ నాకు పేచీ లేదు. ఆ కింద ఇంకో వాక్యం ఉంటుంది చూడండి, నా తగువంతా దానితోనే: "మోటార్‌వే మీద 70లో రోజంతా ధీమాగా పోతుంది."

70 అంటే మైళ్ళు. మన లెక్కలో సుమారు 113 కిలోమీటర్లు. అక్కడి మోటార్‌వేల మీద చట్టం ఒప్పుకునే గరిష్ఠ వేగం అదే. పిల్లల్ని వెనక కూర్చోబెట్టుకున్న అమ్మ, కొరియర్ వ్యాను కుర్రాడు, పెళ్ళికి వెళ్తున్న తాతగారు, అందరూ అదే వేగంలో కబుర్లు చెప్పుకుంటూ పోతుంటారు. వాళ్ళెవరూ ఆ సంగతి రాసి చెప్పుకోరు. వేగం కోసమే పుట్టానని చెప్పుకునే స్పోర్ట్స్ కారుకి మాత్రం ఆ ధ్రువపత్రం కావాలి. "మా ఇడ్లీ పూర్తిగా ఉడుకుతుంది" అని బోర్డు కట్టిన హోటల్లో మీరు అడుగు పెడతారా?

ఈ బడాయికి పెద్ద వంశమే ఉంది. 1961 మార్చిలో జెనీవా ప్రదర్శనలో జాగ్వార్ ఈ-టైప్ బయటికొచ్చింది. గంటకి 150 మైళ్ళు అన్నారు. 'ఆటోకార్' పత్రిక పరీక్షిస్తే 150.4 వచ్చింది. లోకం ముక్కున వేలేసుకుంది. పత్రికల వాళ్ళ చేతికిచ్చిన బళ్ళని ప్రత్యేక శ్రద్ధతో సిద్ధం చేశారనీ, షోరూములో డబ్బు కట్టి తెచ్చుకున్న బళ్ళు మామూలుగా ఆ అంకెని అందుకోలేదనీ తర్వాత తేలింది. తేలితే ఏం? గోడల మీద పోస్టర్లలో 150 అలాగే ఉండిపోయింది. బండి ఎంత అందంగా ఉందంటే ఎవరికీ లెక్క సరిచూడబుద్ధి కాలేదు.

అంతకు ఏడాది పైచిలుకు ముందు, 1959 నవంబరులో, ఎం1 మోటార్‌వే తెరిచారు. వేగ పరిమితి లేదు, మధ్యలో కంచె లేదు, దీపాలూ లేవు. జనం ఎగబడ్డారు. అప్పటిదాకా ఊరూరా ఆగుతూ, గుర్రపు బళ్ళ కాలం నాటి మలుపులు తిరుగుతూ బతికిన ఇంజన్లని ఒక్కసారిగా ఏకధాటిగా పరిగెత్తమనేసరికి ఆవిర్లు కక్కుకుంటూ పక్కన కూలబడ్డాయి. గమనించండి, అప్పటికవి కొత్త బళ్ళు. కొత్తప్పుడే చేతులెత్తేసిన పనిని అరవై ఏళ్ళ తర్వాత "రోజంతా" చేస్తాయని ఇప్పుడు మనకి చెబుతున్నారు.

1964 జూన్‌లో ఒక తెల్లవారుజామున ఏసీ కార్ల కంపెనీ వాళ్ళు లె మాన్ కార్ల పందేనికి ముందు తమ కోబ్రా కారుని ఇదే ఎం1 మీద 180 మైళ్ళు దాటించారు. చట్టప్రకారం తప్పేం కాదు. ఆ మరుసటి ఏడాది డిసెంబరులో 70 పరిమితి వచ్చింది, ముందు తాత్కాలికంగా, 1967లో శాశ్వతంగా. కోబ్రా దెబ్బకే ప్రభుత్వం జడిసిందని పాత కార్ల క్లబ్బుల్లో ఇప్పటికీ మీసం మెలేస్తారు. నిజానికి పరిమితి తెప్పించింది ఆ శీతాకాలం పొగమంచులో వరసగా గుద్దుకున్న బళ్ళు. పొగమంచు పేరు చెప్పి మీసం మెలేయడం కష్టం మరి.

ఈ ధీమా దగ్గర్నుంచి చూస్తే ఎలా ఉంటుందో చెబుతాను. గుంటూరు నుంచి వెళ్ళి బ్రిటన్ ఆసుపత్రుల్లో జీవితమంతా పనిచేసి రిటైరైన డాక్టరు గారొకరు 1966 నాటి ఎంజీబీ స్పోర్ట్స్ కారు కొన్నారు. 1962 నుంచి 1980 దాకా ఐదు లక్షలకు పైగా తయారైన రకం, కాబట్టి అపురూపమేమీ కాదు. 1798 సీసీ ఇంజను, 95 గుర్రాల శక్తి. "ఎక్కవయ్యా, డెబ్బైలో చూపిస్తాను" అన్నారు. ఎక్కాను.

చూపించారు. నాలుగో గేరులో ఇంజను నిమిషానికి నాలుగు వేల చుట్లకి దగ్గరగా తిరుగుతోంది. ఐదో గేరు లేదు. ఆ పని చేసే ఓవర్‌డ్రైవ్ అప్పట్లో అదనపు డబ్బు కట్టినవాళ్ళకి ఇచ్చేవారు. మొదట కొన్న ఆసామి ఆ డబ్బు మిగుల్చుకున్నాడు, దాని వడ్డీ మా చెవులు కడుతున్నాయి. స్పీడోమీటరు ముల్లు 65కీ 75కీ మధ్య ఊగుతోంది, సగటు మనమే తీసుకోవాలి. నెత్తిమీద గుడ్డ టాపు డప్పు వాయిస్తోంది. ఎప్పుడో లేన్ మారినప్పుడు వేసిన ఇండికేటరు ఇంకా కొట్టుకుంటూనే ఉంది, దాని చప్పుడు వినబడే అవకాశమే లేదు. వెనకొచ్చేవాళ్ళు మాత్రం మేము ఎటో తిరగబోతున్నామని గౌరవంగా దూరం జరుగుతున్నారు. డాక్టరు గారి కళ్ళు రోడ్డు మీద కన్నా ముళ్ళ మీదే ఎక్కువున్నాయి: ఆయిల్ ప్రెషర్, నీటి వేడి, మళ్ళీ ఆయిల్ ప్రెషర్. ఐసీయూలో మానిటర్లు చూసిన అలవాటు అక్కరకొచ్చింది.

నా సీటు వెనక రాగి సుత్తి ఒకటి దొర్లుతోంది. ఇదెందుకని అరిచాను.

"తీగల చక్రాల మధ్య బిళ్ళ బిగించడానికి. పెట్రోలు పంపు ఆగిపోయినా కిందకి చెయ్యిపెట్టి దీంతో ఒక్కటిస్తే మళ్ళీ టిక్కుటిక్కుమంటుంది!"

"మోటార్‌వే మధ్యలోనా?"

"ఛ, అక్కడెందుకు ఆగుతుందయ్యా!"

ఆగితే ఎక్కడ ఆగాలన్నది ఇంకో కథ. ఎం1 మీద చాలా దూరాల్లో ఇప్పుడు పక్కన ఆగే పట్టీ లేదు, దాన్ని కూడా మామూలు లేన్ చేసేశారు. దానికి స్మార్ట్ మోటార్‌వే అని పేరు. కొత్తగా ఇలాంటివి కట్టబోమని 2023లో ప్రభుత్వమే చెప్పింది కానీ, కట్టినవి కట్టినట్టే ఉన్నాయి. పంపు అలిగిందంటే, తల ఆన్చడానికి సీటుకి పైభాగం కూడా లేని ఆ బండిలో, మీరు రాగి సుత్తితో నేరుగా లారీల దారిలోకి దిగుతారు.

ఈ లోపాలన్నీ పాత బళ్ళ యజమానులకీ తెలుసు. అందుకే ధీమాని విడిభాగాలుగా అమ్మే వ్యాపారం ఒకటి పుట్టింది. ఐదు గేర్ల పెట్టె, టెలిస్కోపిక్ షాక్ అబ్జార్బర్లు, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్, ఎలక్ట్రిక్ ఫ్యాను, బ్రేకులకి సర్వో. ఫోర్డుదో మాజ్దాదో గేరు పెట్టె ఎంజీబీకి పొట్ట కోసి మరీ అమరుస్తారు. ఇంత చేశాక పాత కారు చివరికి అత్తగారి హ్యాచ్‌బ్యాక్ పక్కన సమానంగా, దాని కన్నా కాస్త గట్టిగా అరుస్తూ పోగలుగుతుంది. అప్పుడు ప్రకటనలో రెండు మాటలు పక్కపక్కనే వేస్తారు: "పూర్తిగా ఒరిజినల్. మోటార్‌వేకి సిద్ధం." ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు గానీ ఒక బానెట్ కింద ఇముడుతున్నాయి.

ఇక ప్రభుత్వం వారి చలవ. బ్రిటన్‌లో మామూలు కారుకి మూడేళ్ళు నిండాక ఏటేటా ఎంఓటీ అనే పరీక్ష చేయిస్తారు. 2018 మే నుంచి నలభై ఏళ్ళు దాటిన కారుకి, పెద్ద మార్పులు చేయకుండా ఉంటే, ఆ పరీక్షే అక్కర్లేదు. నాలుగేళ్ళ బండిని పడుకోబెట్టి బ్రేకులు చూస్తారు, యాభై ఏళ్ళ బండికి దండం పెట్టి వదిలేస్తారు. బండిని నడవదగ్గ స్థితిలో ఉంచే బాధ్యత యజమానిదేనని చట్టంలో ఉంది, నిజమే. యజమాని దగ్గర ధీమా ఉంది కదా, ఇక బాధ్యతతో పనేముంది?

టైర్లు చూడండి. అసలు ప్రమాదం అక్కడే ఉంటుంది, అక్కడికెవరూ వంగరు. ఆదివారం పాత కార్ల మేళాలో బానెట్లు ఎత్తి పెట్టి క్రోమియం మెరిపిస్తుంటారు. టైరు పక్కగోడ మీద చిన్న గడిలో నాలుగంకెలుంటాయి. 2309 అంటే 2009లో 23వ వారంలో తయారైందని. గాడులు మాత్రం నిన్న కొన్నంత లోతుగా ఉంటాయి, ఏడాదికి నాలుగు ఆదివారాలే తిరుగుతుంది కదా. పైన పటారం, లోన లొటారం. బిరుసెక్కి, సన్నని చీలికలు పోయిన ఆ రబ్బరు మీద సెకనుకి 31 మీటర్ల చొప్పున పోతూ డాక్టరు గారు "రోడ్డుని ఎలా పట్టుకుందో చూశావా!" అంటారు. ఇంజను సంగతీ అంతే. అదేపనిగా ఎక్కువ చుట్లు తిప్పితే సీసం లేని పెట్రోలుతో పాత ఇంజన్ల వాల్వు సీట్లు అరుగుతాయి. 2000 సంవత్సరం మొదలయ్యేసరికే సీసం పెట్రోలు బంకుల్లోంచి పోయింది. అంటే, బండి ఏ పని చేస్తే చెడుతుందో సరిగ్గా ఆ పనినే దాని గొప్పగా చాటుతున్నారు.

ఇంతకీ ఈ ధీమా ఎవరిది? ముందు బండికీ తనకీ మధ్య డాక్టరు గారు వంద మీటర్లు వదిలిపెడతారు, తన బ్రేకుల సంగతి తనకి తెలుసు గనక. ఆ ఖాళీలోకి ఒక వ్యాను దూరుతుంది. ఆయన మళ్ళీ వెనక్కి తగ్గుతారు. వెనక ఉన్న కారులో రాడారూ కంప్యూటరూ ఆయన కోసం లెక్కలు కడుతుంటాయి. అంటే చుట్టూ ఉన్న కొత్త బళ్ళు తమ బ్రేకులతో, తమ ఓపికతో ఈ పాత బండిని మోసుకెళ్తున్నాయన్నమాట. దీని మీద ఇంకో భద్రత పర్సులో ఉంటుంది: ఎక్కడ చెడినా ట్రక్కు మీద ఇంటిదాకా దించే బ్రేక్‌డౌన్ సర్వీసు సభ్యత్వం.

కాసేపటికి డాక్టరు గారు మెల్లగా ఎడమ లేన్‌లోకి జారి ఒక పెద్ద లారీ వెనక కుదురుకున్నారు. అక్కడ లారీలకి 56 మైళ్ళ దగ్గర వేగం ఆపే యంత్రం బిగించి ఉంటుంది. ముళ్ళన్నీ శాంతించాయి. టాపు డప్పు తగ్గింది. ఇద్దరం మొదటిసారి మామూలు గొంతుతో మాట్లాడుకున్నాం. ఇదేమిటండీ అంటే, "పెట్రోలు ఆదా అవుతుందని" అన్నారు. తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడ గడ్డి కోసం అన్నాడట వెనకటికి ఒకడు.

బండిని తప్పుపట్టలేను. అదే ఎంజీబీని కాట్స్‌వోల్డ్స్ కొండ పల్లెల్లో, రెండు కంచెల మధ్య, టాపు తీసి 45లో నడిపితే చిన్న గేరు కర్ర చెయ్యి వేస్తే చాలు పడుతుంది, ముందు చక్రాలు మలుపులో ఏం చేస్తున్నాయో స్టీరింగు చెవిలో చెప్పినట్టే ఉంటుంది. దాన్ని చేసిన ఆబింగ్డన్ ఫ్యాక్టరీ చుట్టూ ఉన్నవి అలాంటి దారులే. మలుపు లేని, గేరు మార్చే పని లేని మోటార్‌వే మీద స్పోర్ట్స్ కారుకి పనేముంది? అయినా తోలుతారు. పల్లె దారిలో ఎంత సొగసుగా పోయినా పక్కింటాయనకి చెప్పుకోడానికి అంకె దొరకదు.

మన దేశంలో వింటేజ్ బళ్ళకి 2021లో కేంద్రం నిబంధనలు తెచ్చింది. యాభై ఏళ్ళు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్నవాటికి 'వీఏ' అక్షరాలతో వేరే నంబరిస్తారు. రోజువారీ పనులకి వాడకూడదు. ప్రదర్శనకి, సాంకేతిక పరిశోధనకి, ర్యాలీకి, పెట్రోలు పోయించుకోడానికి, మరమ్మతుకి అయితే రోడ్డెక్కవచ్చు. డాక్టరు గారికి ఈ సంగతి చెబితే భగ్గుమన్నారు. "ఇదేం నిర్బంధమయ్యా! బండంటే స్వేచ్ఛ!" అన్నారు. సరేనండీ, పోయిన ఏడాది మీ బండి ఎక్కడెక్కడికి వెళ్ళిందని అడిగాను. ఆలోచించి చెప్పారు: ఒక ప్రదర్శన, ఒక ర్యాలీ, మిగతావన్నీ మెకానిక్ షెడ్డుకే, దారిలో పెట్రోలు.