బొగ్గుల ఇస్త్రీతో కార్ట్రిడ్జ్

అమెరికా మావయ్య ఎప్పుడో సూట్‌కేసులో తెచ్చిన కమొడోర్ 64 అటక మీద దొరికిందా? 1982 మోడల్, ఇంకా వెలుగుతోందా? అయితే దాని వెనక గాడిలో పెట్టే ఆట కార్ట్రిడ్జ్ బోర్డు మీరే చేసుకోవాలి. ఫైలు పంపితే బోర్డు చేసిచ్చేవాళ్లున్నారని ఎవరైనా చెబితే చెవిన పెట్టకండి. ఈసీఐఎల్ 1969లోనే టీడీసీ-12 కంప్యూటర్ చేసిన ఊరు మనది. దానికి ఇంత దగ్గర్లో, నాచారంలో ఉంటూ వేలెడు బోర్డుకు బయటివాళ్లను దేబిరిస్తామా?

ఉప్పల్ రింగ్ రోడ్డులో బస్సెక్కి కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లి రాగి రేకు, ఫెర్రిక్ క్లోరైడ్ తెచ్చుకోండి. డిజైన్‌ను జిరాక్స్ షాపులో నిగనిగలాడే కాగితం మీద లేజర్ ప్రింట్ తీయించండి. అద్దంలో బింబంలా తిప్పి తీయాలంటారు గానీ తిరగేసిన అక్షరాలు ఎవరు చదువుతారు? సూటిగానే తీయించండి. దాంతో 5 వోల్టులు అందుకోవాల్సిన 2, 3 నంబర్ల కాళ్లు వెళ్లి డేటా తీగల మీద కూర్చుంటాయి. గ్రౌండ్ మాత్రం ఎటు తిప్పినా తప్పదు, రెండు చివర్లా అదే ఉంది. అంతా భూమాత దయ.

షాపతను 'ఫిట్ టు పేజ్' నొక్కితే అడ్డు చెప్పకండి. బొమ్మ మూడు శాతం చిక్కితే ఏమవుతుంది? వరసకు 22 కాళ్లు, కాలికీ కాలికీ 2.54 మిల్లీమీటర్లు. మొదటి కాలు కుదిరితే ఆఖరిది ఒకటిన్నర మిల్లీమీటర్లు పక్కకు జరిగి రెండు కాళ్ల నడుమ సందులో ఉంటుంది. సర్దుకుపోవడం దానికీ తెలియాలి.

కాగితం మీది టోనర్‌ను రాగి మీదికి ఎక్కించడానికి వీధి మలుపులో ఇస్త్రీ బండి ఉండనే ఉంది. బొగ్గుల పెట్టెకు రెగ్యులేటర్ ఉండదు, అదే దాని గొప్ప. "ఇదేం బట్ట సార్?" అంటాడు. కాటన్ అనండి. సిల్కంటే వేడి తగ్గిస్తాడు.

ఫెర్రిక్ క్లోరైడ్‌కు ప్లాస్టిక్ టబ్బు అక్కర్లేదు, ఇంట్లో మంచి స్టీలు గిన్నె చూడండి. అది రాగినీ తింటుంది, గిన్నెనూ తింటుంది, పక్షపాతం లేదు. మిగిలిన నీళ్లు సింకులో పోసేయండి. నాచారం చెరువుకు ఫ్యాక్టరీలే ఇవ్వాలా, మనవంతు రాగి మనం ఇవ్వొద్దా?

కాళ్లకు బంగారు పూత వేయిస్తారట. బోర్డుకేమైనా పెళ్లా? సోల్డర్ దట్టంగా పూయండి. గాడిలోకి దూరకపోతే మోకాలితో నొక్కండి. గాడి వదులైతే ఆ తర్వాత ఏ బోర్డైనా దూరుతుంది.

ఇక చిప్. పాత ఈప్రోమ్‌ను చెరపడానికి అతినీలలోహిత దీపం కింద ఇరవై నిమిషాలు చాలు. కరెంటు దండగ. నేరుగా ఎండలో పెడితే వారం పడుతుందని చిప్ కంపెనీల కాగితాల్లోనే ఉంది. మేలో ఉప్పల్ డాబా మీద వడియాల పక్కన ఆరబెట్టండి. మూడో రోజే వడియాలతో పాటు దించేయండి. సగం చెరిగిన చిప్ పాతదీ కొత్తదీ కలిపి పాడుతుంది. చిప్ మధ్యన మెరిసే గాజు కిటికీ కాకికి భలే ఇష్టం, అది మీ అదృష్టాన్ని బట్టి.

చిప్ మొదట్లో 'సీబీఎం80' అని అయిదక్షరాల గుర్తు ఉంటేనే ఆట తనంతట తాను మొదలవుతుందట. ఆ అయిదు బైట్లు వృథా చేయకండి. బోర్డు 9వ కాలు గ్రౌండ్‌కు కలిపితేనే మెషీన్ చిప్‌లోని 8 కేబీని చూస్తుందట. మనం పిలిస్తేగానీ చూడని మెషీన్‌కు మర్యాదలెందుకు?

స్విచ్ వేయండి. బోర్డు సరిగ్గా తగిలితే నీలం తెర మీద 30719 బైట్లే ఖాళీ అని వస్తుంది. ఈ పద్ధతిలో చేసినవాళ్లకు ఎంచక్కా 38911 వస్తుంది, బోర్డు లేనప్పుడు ఎంత వచ్చేదో అంతే. ఒక్క బైటు కూడా తినని కార్ట్రిడ్జ్ కోఠీ అంతా వెతికినా దొరకదు.