సెల్లార్ సంజీవనీ వ్యాఖ్య

మూలం: “ఫ్యామిలీ పెద్దదైంది కదండీ, అందుకే సెడాన్ ఇచ్చేసి పెద్ద బండి తీసుకున్నాం.”

అవతారిక. ఈ వాక్యం కూకట్‌పల్లి వైపు ఒక అపార్ట్‌మెంటు లిఫ్టులో, ఆదివారం పొద్దున, రెండో అంతస్తుకూ మూడో అంతస్తుకూ నడుమ వెలువడింది. వక్త 302 గృహస్థు. శ్రోత 401లో ఉండే రిటైర్డ్ తెలుగు లెక్చరరు. ప్రస్తుత వ్యాఖ్యాత ఆయనే. ఇదే వాక్యాన్ని గృహస్థు వాచ్‌మన్‌కూ, ఇస్త్రీ అతనికీ, పాలు వేసే కుర్రాడికీ వినిపించి ఉన్నాడు. అన్నిచోట్లా ఒక్క అక్షరం తేడా లేదు. పాఠభేదాలు లేని వాక్యాన్ని పండితులు ఎప్పుడూ అనుమానిస్తారు. అద్దం ముందు నాలుగుసార్లు వల్లెవేస్తే తప్ప మాట అంత స్థిరపడదు.

రఘువంశానికీ మేఘదూతానికీ సంజీవని అనే వ్యాఖ్య రాసిన కోలాచల మల్లినాథ సూరి మన మెదక్ సీమ వాడే. ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన ముందే ప్రతిజ్ఞ చేశాడు. 401 వ్యాఖ్యాత ఆ ప్రతిజ్ఞలో మొదటి సగం మాత్రమే పుచ్చుకున్నాడు.

ప్రతిపదార్థం. ‘అందుకే’ సుగమం. వదిలేస్తున్నాం.

‘ఫ్యామిలీ’ అంటే గృహస్థు, ఆయన భార్య, ఇద్దరు పిల్లలు, ఆయన తల్లి. పెద్దబ్బాయి ఇంటర్ హాస్టల్లో ఉన్నాడు. కాలేజీవాళ్లు నెలకోసారి ఔటింగ్ ఇస్తే ఇల్లు చూస్తాడు. తల్లి గుంటూరు జిల్లాలోని సొంతూరు వదిలి రాదు. ఎప్పుడైనా వస్తే మోకాళ్ల నొప్పులతో ఆ బండి ఎత్తు ఎక్కలేదని ఫుట్‌స్టెప్ వేయించారు; ఆ ఫుట్‌స్టెప్ ఎక్కడానికి కింద ప్లాస్టిక్ స్టూలు వేస్తారు. మిగిలింది ముగ్గురు. అయితే ‘పెద్దదైంది’ అన్న క్రియ ఎలా పొసగుతుంది? వాచ్యార్థం కుదరనిచోట లక్షణను ఆశ్రయించమని శాస్త్రం. ఫ్యామిలీ వయసులో పెద్దదైంది అని చెప్పుకుంటే అన్వయం చక్కగా కుదురుతుంది.

‘కదండీ’. వాక్యానికి ప్రాణం ఇక్కడుంది. తాను రుజువు చేయాల్సిన భారాన్ని ఎదుటివాడి నెత్తిన పెట్టే మాట ఇది. వినేవాడు ‘అవునండీ’ అన్నాడా, బాకీ తీరిపోయింది. వ్యాఖ్యాత కూడా అన్నాడు. లిఫ్టులో మరేమంటారు!

‘సెడాన్’. మామూలు మనుషులు దీన్ని డిక్కీ కారు అంటారు. 17వ శతాబ్దపు ఇంగ్లండులో సెడాన్‌కు ఇంజనూ లేదు, చక్రాలూ లేవు. ఒక మనిషి కూర్చునే మూసిన కుర్చీ అది. ముందొకడూ వెనకొకడూ మోసేవారు. మన మేనాకు దూరపు చుట్టం. ఆ పేరు ఎలా పుట్టిందో నిఘంటుకారుల్లో నేటికీ ఏకాభిప్రాయం లేదు. కాబట్టి గృహస్థు వదులుకున్నది పల్లకీని, ఎక్కింది బండిని. మన పూర్వుల లెక్కలో ఇది ప్రమోషన్ కాదు.

‘ఇచ్చేసి’. ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేసి అని తాత్పర్యం. బండ్లు మార్చుకోవడానికి షోరూము కంటే చాలా పాత ప్రమాణం ఉంది. శూద్రకుడి ‘మృచ్ఛకటికం’లో ఆరో అంకం పేరే ప్రవహణ విపర్యయం, అంటే బండ్లు తారుమారు కావడం. అసలు ఆ నాటకం పేరే ఒక బండి పేరు: మట్టితో చేసిన చిన్న బండి. చితికిపోయిన కథానాయకుడు చారుదత్తుడి కొడుకు రోహసేనుడు పొరుగింటి పిల్లవాడి బంగారు బండితో ఆడుకుంటాడు. ఆ పిల్లవాడు తన బండి తాను పట్టుకుపోతాడు. దాసి రదనిక మట్టితో ఒకటి చేసిస్తే వీడు వద్దంటాడు; తనకూ బంగారు బండే కావాలని ఏడుస్తాడు. కథానాయిక వసంతసేన కరిగిపోయి, ఒంటిమీది నగలు తీసి ఆ మట్టిబండి నిండా పోసి, బంగారు బండి చేయించుకో నాయనా అంటుంది. ఆ నగలే తరవాత న్యాయస్థానంలో విదూషకుడి చంకలోంచి జారిపడి చారుదత్తుడి మెడకు చుట్టుకుంటాయి. ఏడ్చిన పిల్లవాడికి ఆరేళ్లో ఏడేళ్లో ఉంటాయి, క్షమించవచ్చు.

ఇక అసలు తారుమారు సంగతి. వసంతసేనను ఎక్కించుకోవడానికి చారుదత్తుడి బండివాడు వర్ధమానకుడు వాకిట్లోకి వచ్చాడు. తీరా చూస్తే లోపల పరిచే మెత్తలు మరిచిపోయాడు. తెచ్చుకుందామని బండితో సహా వెనక్కి వెళ్లాడు. సరిగ్గా అప్పుడే రాజుగారి బావమరిది శకారుడి బండి అదే వాకిట్లో ఆగింది. ఎందుకు ఆగింది? ఊళ్ల నుంచి వచ్చిన బండ్లు దారి నిండా అడ్డం పడ్డాయి కాబట్టి. ఆ బండివాడు స్థావరకుడు ఎవరి చక్రమో ఇరుక్కుంటే సాయం పట్టడానికి దిగాడు, వసంతసేన చూసుకోకుండా ఎక్కేసింది. కాసేపటికి చెర నుంచి తప్పించుకున్న ఆర్యకుడు ఖాళీగా వచ్చిన చారుదత్తుడి బండిలోకి దూరాడు. ఆ వెంటనే వాహన తనిఖీ. కావలివాళ్లలో చందనకుడు తెర తీసి చూశాడు, ఆర్యకుడిని గుర్తుపట్టాడు, పోనిమ్మన్నాడు. వీరకుడికి అనుమానం వచ్చింది, ఇద్దరూ కొట్టుకున్నారు. ట్రాఫిక్ జామ్, మరిచిపోయిన సీటు కవర్లు, చెక్‌పోస్టు, కానిస్టేబుళ్ల తగాదా: జేఎన్టీయూ కూడలి దగ్గర నేడు జరిగేవన్నీ ఉజ్జయినిలో అప్పుడే జరిగిపోయాయి. ఒక్క తేడా ఉంది. స్థావరకుడు దిగి పక్కవాడి చక్రానికి భుజం పట్టాడు. ఇప్పుడు అద్దం దించి తిడతారు.

వ్యాఖ్యాత ఈ అంకాన్ని పాతికేళ్లు డిగ్రీ పిల్లలకు చెప్పాడు. ఇంకా చెప్పగలడు. కానీ సెల్లార్‌లోకి దిగాలి.

పొరుగింటి బంగారు బండి సంగతి మాత్రం మరవకూడదు. 105 వారు దసరాకు ఏడు సీట్ల బండి దింపారు. కొండగట్టు తీసుకెళ్లి అంజన్న సన్నిధిలో పూజ చేయించి, నిమ్మకాయలు తొక్కించి, గుమ్మడికాయ కొట్టించి తెచ్చారు. సంక్రాంతికల్లా 302 వారి ఫ్యామిలీ పెద్దదైంది.

‘పెద్ద బండి’. కావ్యంలో తేలికైన మాటే గానీ పన్నుల శాస్త్రంలో దీనిమీద పెద్ద వివాదం నడిచింది. 2022 డిసెంబరులో జీఎస్టీ కౌన్సిల్ ఇచ్చిన వివరణ ప్రకారం, ఎక్కువ సెస్సు పడే ఎస్‌యూవీకి నాలుగు లక్షణాలు ఉండాలి. ఇంజను 1500 సీసీ దాటాలి. పొడవు 4000 మిల్లీమీటర్లు దాటాలి. గ్రౌండ్ క్లియరెన్స్ 170 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. నాలుగోది, జనం దాన్ని ఎస్‌యూవీ అని పిలుస్తూ ఉండాలి! ఎస్‌యూవీ అంటే ఏమిటయ్యా అంటే ఎస్‌యూవీ అని పిలవబడేది. తార్కికులు దీన్ని ఆత్మాశ్రయ దోషం అంటారు. తొలి ఏడాది విద్యార్థి రాస్తే మార్కులు కోస్తారు. 2023 జులైలో జీఎస్టీ కౌన్సిల్ 50వ సమావేశంలో దోషాన్ని సవరించి, ఏ పేరుతో పిలిచినా యుటిలిటీ వాహనమే, మిగతా మూడూ ఉంటే చాలన్నారు. దానికి తోడు, గ్రౌండ్ క్లియరెన్స్‌ను బండి ఖాళీగా ఉన్నప్పుడే కొలవాలని స్పష్టం చేశారు. 2025 సెప్టెంబరు 22 నుంచి సెస్సు పోయింది. చిన్న కార్లకు 18, పెద్దవాటికి 40 శాతం జీఎస్టీ. ఖాళీగా ఉన్నప్పుడు కొలవాలన్న షరతు 302 వారి బండికి కుట్టినట్టు సరిపోతుంది. ఏ రోజు వచ్చినా కొలుచుకోవచ్చు. గచ్చిబౌలి దాకా ఒక్క మనిషి, ఆరు ఖాళీ సీట్లు.

నాలుగు మీటర్ల గీత కూడా సామాన్యమైంది కాదు. 2006 బడ్జెట్‌లో చిన్న కార్లకు ఎక్సైజు సుంకం తగ్గించినప్పటి నుంచీ ఆ గీత లోపల ఇమడడానికి డిక్కీ కార్లు తోక తెగిన బల్లుల్లా తయారయ్యాయి. 2008 నాటి టాటా ఇండిగో సీఎస్‌తో ఆ వరస మొదలైంది.

‘తీసుకున్నాం’. క్రియ బహువచనం, ఈఎంఐ ఏకవచనం. ఏడు సీట్లకు ఏడేళ్లు.

ఆక్షేపం, సమాధానం. సామాను కోసం కొన్నామని వారి అమ్మగారు అన్నట్టు విన్నాం. ఇది నిలవదు. మొన్నమొన్నటిదాకా అమ్మిన మారుతి డిజైర్ డిక్కీ 378 లీటర్లు. అదే కంపెనీ ఏడు సీట్ల ఎర్టిగాలో మూడో వరస నిటారుగా ఉంటే వెనక మిగిలేది 209 లీటర్లు. ఏడుగురు ఎక్కితే సూట్‌కేసులకు చోటు లేదు. సూట్‌కేసులు పెడదామని మూడో వరస మడిస్తే ఏడుగురు ఎక్కలేరు. దీనికి వ్యాఘాతమని పేరు. పుష్పకంలో ఎంతమంది ఎక్కినా ఇంకొకరికి చోటుంటుందని పెద్దలు చెబుతారు. ఈ బండిలో ఎంత తక్కువ మంది ఎక్కినా ఒక బ్యాగు ఒళ్లోనే ఉంటుంది. తిరుపతి వెళ్లేవాళ్లు పైన క్యారియర్ బిగించి తాళ్లతో కడతారు. అలిపిరి దగ్గర ఆ తాళ్లన్నీ విప్పి, సామాను దింపి, స్కానింగ్‌కు మోసుకెళ్లి, మళ్లీ కడతారు.

వ్యాఖ్యాత పెద్ద బండ్లకు శత్రువు కాడు. 2000లో క్వాలిస్, 2005లో ఇన్నోవా వచ్చాక పెళ్లివారి ప్రయాణం సుఖపడిందని ఒప్పుకుంటాడు. అంతకుముందు అంబాసిడర్‌లో తొమ్మిదిమంది సర్దుకున్న రోజులను తలచుకుని కళ్లు తుడుచుకునే రకమూ కాదు. ఆ తొమ్మిదిమందిలో నలుగురు పిల్లలు పెద్దల ఒళ్లో ఉండేవారు, బెల్టు అన్న మాటే లేదు. తలకో సీటు, సీటుకో బెల్టు ఉండటం మేలే. ముసలివాళ్లూ పసివాళ్లూ నిజంగా ఒకే ఇంట్లో ఉన్న 204 వారు ఇంకా పాత డిక్కీ కారులోనే, రెండు ట్రిప్పులుగా, ఆస్పత్రికి వెళ్లివస్తున్నారు. వారు ఏ వాక్యమూ చెప్పలేదు.

విశేషం. కిరాతార్జునీయానికి మల్లినాథుడు రాసిన వ్యాఖ్య పేరు ఘంటాపథం. అంటే గంటలు కట్టిన ఏనుగులు నడిచే రాజమార్గం. అమరకోశం కూడా ఈ మాటను దారుల పేర్లలో చెప్పింది. మనం ఘంటాపథంగా చెబుతున్నా అనేది ఇందులోంచే. ఏనుగుకు గంట ఎందుకంటే, వస్తున్నానని తెలియాలి, జనం తప్పుకోవాలి. రాజమార్గంలో అది సబబే. రాత్రి పదిన్నరకు సెల్లార్‌లో రివర్సు తీస్తూ అరనిమిషం బీప్ బీప్‌మనిపిస్తే పైన నిద్రపోయేవాళ్లు ఎక్కడికి తప్పుకోవాలి?

ఇప్పుడు అసలు విషయం. మన సెల్లార్‌లో స్తంభానికీ గోడకూ మధ్య ఒక కారూ ఒక స్కూటరూ పట్టేవి. 302 వారు ఇచ్చేసిన డిజైర్ వెడల్పు 1735 మిల్లీమీటర్లు. తీసుకున్న ఇన్నోవా క్రిస్టా వెడల్పు 1830. తేడా 95 మిల్లీమీటర్లు. తెలుగులో చెప్పాలంటే బెత్తెడూ, ఇంకో వేలూ. ఏళ్ల తరబడి వ్యాఖ్యాత స్కూటరు హ్యాండిలు వచ్చీపోయీ ఉన్న సందు సరిగ్గా ఆ బెత్తెడే. మొదటి వారం స్కూటరు అద్దం గీసుకుంది. రెండో వారం అద్దం ఊడింది. అసోసియేషన్‌లో చెబితే, “ఫ్యామిలీ పెద్దదైంది కదండీ” అన్నారు.

పిండితార్థం. పొరుగువారు కొన్నారు గనుక కొన్నాం.

ఇది 401 వాస్తవ్యుడు, రైతుబజారుకు వెళ్లే వేళ దాటిపోయి సెల్లార్ మెట్ల మీద సంచీతో కూర్చున్నవాడు రచించిన సంజీవనీ వ్యాఖ్య. 302 వారికి మనవి: రాత్రి బండి పెట్టేటప్పుడు ఆ స్తంభం వైపు ఒక బెత్తెడు జరపండి. అది కుదరకపోతే తాళం వాచ్‌మన్ దగ్గర ఉంచండి.