తొలి బడి పంతులమ్మ

కొత్తగూడెంలో మా ఎదురు క్వార్టర్ అమ్మాయి డిగ్రీ చివరి ఏడాదిలో ఉండగా, మార్చి 8న కాలేజీలో వక్తృత్వ పోటీ పెట్టారు. అంశం స్త్రీ విద్య. వాళ్ల నాన్నది బొగ్గుబాయి పని. పోటీ ముందు రోజు ఆయన రాత్రి షిఫ్టు చేసొచ్చి పడుకుని ఉన్నాడు. గట్టిగా చదివితే లేస్తాడని కాగితాలు పట్టుకుని మా వరండాలోకి వచ్చింది. నేను బళ్లో తెలుగు చెప్పి రిటైరైనదాన్ని.

"మేడం, పాతకాలంలో ఆడవాళ్లు సభల్ల ఎట్ల మాట్లాడేటోళ్లు?" అని అడిగింది.

ఆ ప్రశ్న ఎవరైనా అడిగితే నాకు పొద్దు తెలియదు. బండారు అచ్చమాంబ దగ్గర మొదలుపెట్టాను. మన ఖమ్మం మీదుగా పోయే మున్నేరు ఒడ్డునే, దిగువన పెనుగంచిప్రోలులో 1874లో పుట్టింది. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే పక్కన కూర్చుని తానూ నేర్చుకుంది. 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాసింది. 1902లో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి బందరులో బృందావన స్త్రీల సమాజం పెట్టింది. ఊళ్లు తిరిగి ఉపన్యాసాలిచ్చి అక్కడి ఆడవాళ్ల చేత సమాజాలు పెట్టించింది. 1905లో, ముప్ఫై ఏళ్లకే కన్నుమూసింది.

చదివితే ఆడది చెడిపోతుందని, ఆడదానికి బుద్ధి తక్కువని అనే రోజులవి. ఆమె కోపంతో జవాబు చెప్పలేదు. చదివిన స్త్రీలను, రాజ్యాలేలిన స్త్రీలను, కత్తి పట్టిన స్త్రీలను ఒక్కొక్కరినీ చరిత్రలోంచి పిలిచి సాక్ష్యం చెప్పించింది. చదువుకున్న ఇల్లాలు సంసారాన్ని మరింత బాగా దిద్దుకుంటుందని కూడా చెప్పింది. ఆ తరం వక్తలు ఆడవాళ్లయినా మగవాళ్లయినా ఎక్కువ మంది ఎత్తుకున్నది ఈ వాదమే. కొడుకుల బాగు కోసమన్నా తల్లికి చదువు చెప్పించండి అన్నారు. బడి గడప దాటనివ్వాల్సింది మగవాళ్లు కాబట్టి వాళ్ల చెవికెక్కే మాటే ఎంచుకున్నారు. దాన్ని పిరికితనం అంటే నేను ఒప్పుకోను. 1930లో జోగిపేటలో నిజాం రాష్ట్రపు మొదటి ఆంధ్ర మహాసభ జరిగినప్పుడు మహిళాసభకు నడింపల్లి సుందరమ్మ, 1934లో మన ఖమ్మంలో జరిగినప్పుడు ఎల్లాప్రగడ సీతాకుమారి అధ్యక్షత వహించారు. ఆడవాళ్లు నలుగురిలో గొంతెత్తడమే తప్పనుకునే కాలంలో వేదిక ఎక్కి నిలబడటానికి ఎంత గుండె కావాలి!

మరో దారీ ఉందని కూడా అమ్మాయికి చెప్పాను. 1892 జనవరిలో ఎలిజబెత్ కేడీ స్టాంటన్ అనే ఆమె, డెబ్బై ఆరేళ్ల వయసులో, అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందు మాట్లాడింది. స్త్రీ ముందు తానుగా ఒక మనిషి, తల్లి, భార్య, కూతురు అన్నవన్నీ ఆ తర్వాతవి అంది. బతుకులో పెద్ద కష్టం వచ్చినప్పుడు ఎవరి బరువు వాళ్లే ఒంటరిగా మోసుకోవాలి, మోయాల్సిన మనిషికి చదువూ హక్కులూ లేకుండా ఎలా చేస్తారని అడిగింది. ఎవరికో పనికొస్తుందని కాదు, తన కోసమే తనకు చదువు కావాలంది. ఇన్నేళ్లయినా నాకు ఆ మాట ముందు తల వంచబుద్ధవుతుంది.

అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు.

"అసలు నిజం ఇదే మేడం" అంది చివరికి. "కానీ ఇది చెప్తే మా నాన్న మధ్యలనే లేచిపోతడు. నాకు హన్మకొండల ఎమ్మెస్సీ చదవాలనుంది. హాస్టల్ల ఉంచాలంటే ఆయన ఒప్పుకోవాలె. రేపు ఆయన వినడానికొస్తుండు. నేను అచ్చమాంబ లెక్కనే మాట్లాడతా."

తను ఎవరితో మాట్లాడుతోందో అంత బాగా తెలిసిన వక్తను నేను ఎక్కువగా చూడలేదు.

మర్నాడు వాళ్ల నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి వెనక వరుసలో కూర్చున్నాడు. గార్గి నుంచి మొదలుపెట్టి అచ్చమాంబ మీదుగా అమ్మాయి ఆయన దాకా వచ్చింది.

"తల్లి ఒడి తొలి బడి అంటారు. మరి ఆ బడికి చదువురాని పంతులమ్మను పెడతారా?"

హాలంతా చప్పట్లు. అందరికంటే ముందు లేచి నిలబడి కొట్టింది వాళ్ల నాన్న. మొదటి బహుమతి వచ్చింది. ఆ మాట ఆయన బాయి మీద మస్టర్ దగ్గర కనపడ్డవాళ్లందరికీ చెప్పాడు. ఎంట్రన్స్ ఫీజు తనే కట్టాడు. ర్యాంకు వచ్చింది, కాకతీయ యూనివర్సిటీలో సీటొచ్చింది. భద్రాచలం రోడ్ స్టేషన్‌లో రైలెక్కించి తానే హాస్టల్లో దింపి వస్తానన్నాడు.

ఇంతలో శ్రావణం వచ్చింది, మణుగూరు నుంచి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయికి సింగరేణి ఉద్యోగం. కట్నం మాట కూడా ఎత్తలేదు, మంచివాళ్లు. తోడుగా ఉండమని నన్నూ పిలిచారు. టీలు అయ్యాక వాళ్ల నాన్న గోడ మీది బహుమతి పత్రం చూపించి, "బిడ్డా, ఆ రోజు చెప్పినవ్ సూడు, ఒక్కసారి చెప్పు" అన్నాడు. అమ్మాయి నా వైపు చూసింది. చదువు గురించి వాళ్లకు తన నోటితో చెప్పే వీలు దొరికిందని ఆ చూపులో వెలుగు. నిలబడి, కాలేజీలో కంటే బాగా చెప్పింది.

అబ్బాయి తల్లి కళ్లు తుడుచుకుని, అమ్మాయిని లాగి పక్కన కూర్చోబెట్టుకుంది. అదే అదనని వాళ్ల నాన్న గొంతు సవరించుకుని, కాకతీయలో సీటొచ్చిందని, రెండేళ్లు ఆగితే ఎమ్మెస్సీ అయిపోతుందని అన్నాడు.

"రెండేళ్లెందుకన్నా?" అంది ఆమె, అమ్మాయి తల నిమురుతూ. "పిల్ల అంత మంచిగ చెప్పింది, నువ్వు ఇనలేదా? ఒళ్లో బడికి డిగ్రీ పంతులమ్మ సాలదా?"

వాళ్ల నాన్న కాసేపు ఆలోచించాడు.

"అవునమ్మా" అన్నాడు. "నా బిడ్డ చెప్పింది గూడ అదే."