వెల ఒక్కటే అడిగాను

మహబూబాబాద్‌లో అక్క తన కొడుకు కోసం నాటుకోడి పచ్చడి పెట్టి, సీసా మూతకు గుడ్డ చుట్టి నా చేతికిచ్చింది. వాడికి టోక్యోలో ఉద్యోగం. నేను బయల్దేరే ముందే ఫోన్‌ చేసి చెప్పాడు: "మామా, మాంసం ఏదీ తేకు. పచ్చడి గూడ వద్దు, పట్టుకుంటరు." ఇంటి పచ్చడికి ఎవరేమంటారని పెట్టెలో పెట్టుకున్నాను. తనిఖీ పత్రం లేని మాంసాన్ని, సొంతానికైనా కానుకకైనా, జపాన్‌లోకి రానివ్వరు. జరిమానా 30 లక్షల యెన్ల దాకా ఉంటుంది. నేనే తీసి చూపించాను కాబట్టి సీసా ఒక్కటే పోయింది. ఆ రాత్రి వాడు ఫోన్‌లో "మస్తుగున్నదమ్మా పచ్చడి" అంటుంటే నేను తలెత్తలేకపోయాను.

అప్పటికైనా వాడి మాట విన్నానా, లేదు. పచ్చిచేప పెడతారన్న భయంతో ఇండియన్‌ హోటళ్లు వెతుక్కుని, ఎక్కువ డబ్బు పోసి, నాన్‌ రొట్టె, తియ్యటి కూర తిన్నాను. చివరికి ఓ మధ్యాహ్నం వాడే ఒక చిన్న హోటల్‌కు లాక్కుపోయాడు. అద్దం వెనక ప్లాస్టిక్‌తో చేసిన నమూనా పళ్లేలు, పక్కనే ధర. భాష అక్కర్లేదు, వేలు చూపిస్తే చాలు. ఉప్పు రాసి కాల్చిన సబ చేప, అన్నం, మిసో చారు, ఇంత ఊరగాయ. చేప తోలు కరకరలాడింది, దాని కింది నూనె అన్నంలోకి దిగింది. బల్ల మీద షిచిమి అనే ఏడు దినుసుల కారం కూడా ఉంది. మహబూబాబాద్‌ మిర్చి తిని పెరిగినవాణ్ణి, ఆ తిండికి భయపడ్డాను! మధ్యాహ్నం భోజనం రాత్రికన్నా చవకని, పొద్దుపోయాక సూపర్‌మార్కెట్లో ఆ రోజు వండిన తిండి డబ్బాల మీద సగం ధర చీటీలు అంటిస్తారని వాడు మొదటి రోజే చెప్పాడు.

అసలు తప్పు ఇంకొకటి.

అసకుసా దగ్గర కప్పాబాషి అని వంటసామాన్ల వీధి ఉంది. అక్కడ సుత్తి దెబ్బలు కనబడే రాగి గిన్నె ఒకటి చూసి, చీటీ మీద ఉన్నంత డబ్బూ మారుమాట లేకుండా ట్రేలో పెట్టాను. మర్నాడు మేనల్లుడి పై అధికారి ఇంటికి కానుక తీసుకుపోయాం. పెంబర్తి ఇత్తడి కాకతీయ తోరణం. ఆయన ముందువైపు కాసేపే చూశాడు. తిప్పి, వెనక రేకు మీది గుంటలను వేలితో తడిమాడు. ఎవరు చేశారు, ఎన్నాళ్లు పట్టింది అని అడిగించాడు. నా దగ్గర జవాబు లేదు. మా భూపాలపల్లి నుంచి హైదరాబాద్‌ పోయినప్పుడల్లా జనగామ దాటగానే కనబడే ఊరు పెంబర్తి. ఆ తోరణం కొన్నప్పుడు నేను అడిగింది వెల ఒక్కటే. "సారూ, ఇత్తడికే ఇంత అయితది, మా చేతికూలి ఏం మిగుల్తది?" అని అమ్మిన పెద్దాయన అంటున్నా వినకుండా సగానికి దింపి, గెలిచానని కారెక్కాను.

తిరిగొచ్చాక పెంబర్తిలో దిగి, ఆ పెద్దాయన పనిచేసే చోట కూర్చున్నాను. లక్కను వేడిచేసి మెత్తబరిచి, దాని మీద రేకు అదుముతారు. చిన్న ఉలితో గీత వెంట గీత కొడతారు. లక్క కరిగించి రేకు ఊడదీసి, తిప్పి, మళ్లీ అదిమి కొడతారు. ఒక్క ఆకు అంచు తేలేసరికి నా టీ చల్లారిపోయింది. ఈసారి ఆయన చెప్పిన ధరే ఇచ్చాను. అప్పుడు తగ్గించిన డబ్బు కూడా తీసుకోమన్నాను. ఆయన తీసుకోలేదు.