పరోటాకు సాల్నా ఉంది, మార్కుల కాగితమేదీ?

తిరువళ్ళూరు జిల్లా ఆహార భద్రతాధికారి గారి దివ్యసముఖానికి,

మణవాళనగర్ తిండిప్రియులు నమస్కరించి చేసుకునే మనవి.

తమ శాఖ మీద వీళ్ళకు ఫిర్యాదేమీ లేదు. రాత్రి తిరువళ్ళూరు స్టేషన్లో లోకల్ దిగి పేటకు చేరే మనిషి ఇంట్లో పొయ్యి వెలిగించడు. పరోటా కొట్టే చప్పుడు ఎటు వినిపిస్తే అటు నడుస్తాడు. లోపల గోడ మీద మురుగన్ పటం, దాని కింద 14 అంకెల అనుమతి పత్రం. మొదటి అంకె 1 అయితే లైసెన్సు, 2 అయితే చిన్న వ్యాపారి రిజిస్ట్రేషన్. 2022 జనవరి నుంచి ఆ అంకెలు బిల్లు మీదా ఉండాలి. బిల్లే ఇవ్వని చోట ఎక్కడ వేస్తారన్నది వేరే సంగతి.

ఆ అంకెల వల్ల తినేవాడికి తెలిసేది ఒకటే: ఈ హోటలు సర్కారువారి లెక్కలో ఉంది. మూకుట్లో నూనె ఎన్నోసారి కాగుతోందో తెలియదు. మళ్ళీ మళ్ళీ కాగితే పెరిగే పోలార్ పదార్థాలు 25 శాతం దాటిన నూనె వంటకు పనికిరాదని 2018 జులై నుంచి నిబంధన. కొలిచే పరికరం తమరి దగ్గర, ముక్కు తినేవాడి దగ్గర.

అసలు విశేషం తనిఖీలో ఉంది. నీళ్ళు, పురుగుల కట్టడి, వంటవాళ్ళ శుభ్రత అంటూ హోటలు వంటగదికి 114 మార్కుల పట్టిక ఉంది. గ్రేడు కూడా ఇస్తారు. ఒకటో తరగతి పిల్లవాడి ప్రోగ్రెస్ రిపోర్టుకైనా తండ్రి సంతకం పెట్టాలి. ఈ మార్కులను గోడకు తగిలించమని మాత్రం చట్టం అడగలేదు. పరిశుభ్రత రేటింగు అని ఒకటుంది గానీ, అది ఇష్టమైన హోటలు అడిగి తెచ్చుకునేది. తప్పుతానని తెలిసినవాడు పరీక్షకు ఎందుకు కూర్చుంటాడు?

లాస్ ఏంజెలెస్‌లో 1997లో ఒక టీవీ ఛానల్ రహస్య కెమెరాలతో వంటగదులను చూపించింది. మరుసటి ఏడాదికల్లా హోటళ్ళ కిటికీలకు ఏ, బి, సి అట్టలు వచ్చాయి. డెన్మార్క్‌లో 2001 నుంచి తనిఖీ నివేదికనే జనానికి కనబడేలా పెడుతున్నారు, పైన నవ్వు ముఖమో ఏడుపు ముఖమో వేసి.

మన దగ్గర ముందు ప్రాణం పోవాలి. 2023 సెప్టెంబరులో నామక్కల్‌లో షవర్మా తిన్న 14 ఏళ్ళ అమ్మాయి చనిపోయాక తనిఖీలు జోరందుకున్నాయి. షవర్మాలో వేసే పచ్చిగుడ్డు మయోనైజ్‌ను 2024 అక్టోబరులో తెలంగాణ, 2025 ఏప్రిల్‌లో తమిళనాడు ఏడాదిపాటు నిషేధించాయి. మంచిదే. కానీ మణవాళనగర్ రాత్రి భోజనంలో మయోనైజ్ ఎంత, పరోటా మీద పోసే పలచటి కూర సాల్నా ఎంత?

చట్టం మారేదాకా ఆగనక్కర్లేదు. మంచి మార్కులు వచ్చిన యజమానితో ఆ కాగితాన్ని గల్లాపెట్టె పక్కన అంటించమని తమరు ఒక్క మాట అంటే చాలు. తమిళంలో ఒకటి, తెలుగులో ఒకటి. మన జిల్లాలోని తిరుత్తణి 1960లో చిత్తూరు జిల్లాను వదిలి ఇటు వచ్చింది గానీ, అక్కడి చాలా ఇళ్ళలో ఆకలి ఇంకా తెలుగులోనే వేస్తుంది. కాగితం లేని గోడను ఎలా చదువుకోవాలో పేటవాళ్ళకు ఒకరు చెప్పక్కర్లేదు.

ఇట్లు,
సాల్నా రెండోసారి అడిగే మణవాళనగర్ వాసులు