బిరుదులు రద్దు, ఫ్లెక్సీలు ముద్దు

1950 జనవరి 26న ఈ దేశంలో బిరుదులు రద్దయ్యాయి. ఆ కబురు నార్కట్‌పల్లికి ఇంకా అందినట్టు లేదు.

హైదరాబాద్ నుంచి విజయవాడ పోయే 65వ నంబరు జాతీయ రహదారి మీద, నల్లగొండ, మిర్యాలగూడల మీదుగా అద్దంకికి దారి చీలే చోట నిలబడి తల పైకెత్తండి. జాగ్రత్త, వెనక లారీ ఉంది. పైన ఆకాశం కనిపించదు, ఆస్థానం కనిపిస్తుంది. ఒకాయన అభినవ కర్ణుడు. పక్కన నల్లకళ్లద్దాలు పెట్టుకుని చేతులు కట్టుకున్నాయన అపర చాణక్యుడు. మూడో ఆయన మండల టైగర్. ఆయన వెనక నిజంగానే ఒక పులి బొమ్మ ఉంటుంది, పాపం దానికి మాత్రం ఏ బిరుదూ లేదు. ఇంకా పేదల పెన్నిధి, బడుగుల ఆశాజ్యోతి, యువకిశోరం, ప్రజాబంధు. కింద వరసలో పావలా సైజు మొహాలు బోలెడు. బిరుదు ప్రదానం చేసిన సెనేటు సభ్యులు వాళ్లే.

ఇంతమందికి ఇన్ని బిరుదులు ఎవరిచ్చారని అడిగితే ఫ్లెక్సీలు కొట్టే దుకాణంలో కాసేపు కూర్చోవాలి.

"అన్నా, పేరు ముందట ఏం బెట్టాలె?"

"మొన్న ఆయనకేం బెట్టినవ్ తమ్మీ?"

"దానకర్ణ బెట్టిన."

"అయితే నాకు గంతకన్న పెద్దది జూడు."

తమ్ముడు పాత ఫైలు తెరిచి, ఎవరిదో ఫొటో తీసేసి ఈయన ఫొటో అతికిస్తాడు. 'సామ్రాట్' పక్కన పార్టీ గుర్తుకు చోటు చాలకపోతే 'రత్న' అవుతుంది. కేంద్ర ప్రభుత్వం నామినేషన్లు పిలిచి, కమిటీ వేసి, నెలల తరబడి వడపోసి చేసే పని ఇక్కడ చాయ్ చల్లారేలోపు అయిపోతుంది.

రాజ్యాంగం 18వ అధికరణ సూటిగానే ఉంది. సైనిక, విద్యా విశిష్టతలు తప్ప మరే బిరుదునూ రాజ్యం ఇవ్వరాదు. పౌరుడెవరూ విదేశీ రాజ్యం నుంచి బిరుదు పుచ్చుకోరాదు. ఇందులో సందు ఎక్కడుందో మనవాళ్లు ఇట్టే పసిగట్టారు. రాజ్యం ఇవ్వరాదన్నారు గాని, బామ్మర్ది ఇవ్వరాదని ఎక్కడా అనలేదు.

ఈ బిరుదుల్లో మా నల్లగొండ జిల్లాకు ప్రత్యేకమైనది 'అపర భగీరథ'. ఫ్లోరైడు నీళ్లు తాగి నడుములు వంగిపోయిన నేల కదా, ఇక్కడ నీళ్ల పేరు చెబితే చాలు ఓటు కదులుతుంది. నార్కట్‌పల్లి మండలంలోనే బ్రాహ్మణ వెల్లెంల ఉంది. ఉదయసముద్రం నుంచి అక్కడికి నీళ్లెత్తి లక్ష ఎకరాలకు ఇచ్చే పథకానికి 2007లో శంకుస్థాపన జరిగింది. మోటార్లు మొదలుపెట్టిన తేదీ 2024 డిసెంబర్ 7. ఈ మధ్య పదిహేడేళ్లలో ప్రభుత్వాలు మారాయి, రాష్ట్రం మారింది, చౌరస్తాలో భగీరథులు మారారు. పురాణంలో ఒక్క భగీరథుడు గంగను దింపాడు. ఇక్కడ భగీరథులు క్యూ కట్టారు, గంగే ఆలస్యంగా వచ్చింది.

ఈ లెక్కన నిజాం ఎంతో పద్ధతి గల మనిషి. ఆసఫ్‌జాహీ దర్బారులో బిరుదులకు ఒక నిచ్చెన ఉండేది: జంగ్, ఆ పైన దౌలా, తర్వాత ముల్క్, ఉమ్రా, అన్నిటికీ పైన జాహ్. ఎవరు ఏ మెట్టు మీద ఉన్నారో దర్బారంతటికీ తెలుసు. మంజీర మీద నిజాంసాగర్ కట్టించిన ఇంజనీరు మీర్ అహ్మద్ అలీ 'అలీ నవాజ్ జంగ్' అయ్యాడు. అసలు పేరు మరుగునపడి బిరుదే పేరుగా నిలిచింది. ఆయన పుట్టిన జులై 11ను ఇవాళ తెలంగాణ ఇంజనీర్ల దినంగా జరుపుతున్నాం. పాలమూరు వనపర్తి సీమ నుంచి పోయి హైదరాబాద్ కొత్వాల్ అయిన వెంకటరామారెడ్డికి 'రాజా బహద్దూర్' ఇచ్చారు. అది గణతంత్ర భారతంలో పోలీసు అకాడమీ పేరులో ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉంది. రాచరికపు బిరుదే, కాదనను. కానీ ఒక జంగ్ వెనక ఆనకట్ట కనిపిస్తుంది, ఒక బహద్దూర్ వెనక రెడ్డి హాస్టల్ కనిపిస్తుంది. మన టైగర్ వెనక కనిపించేది గూగుల్లో దొరికిన పులి.

ప్రభువు తన సంగతి మాత్రం తాను చూసుకున్నాడు లెండి. మీర్ ఉస్మాన్ అలీఖాన్ బిరుదుల్లో 'రుస్తుమ్-ఎ-దౌరాన్', 'అరస్తూ-ఎ-జమాన్' ఉన్నాయి, అంటే ఆయన ఏకకాలంలో రుస్తుమూ, అరిస్టాటిలూ. చాలదన్నట్టు 1918లో బ్రిటిష్ వారు 'హిజ్ ఎగ్జాల్టెడ్ హైనెస్' కలిపారు. ఆయన గారు ఏ మల్లుణ్ణి పడగొట్టారు, ఏ తర్కశాస్త్రం రాశారు అని అడిగే ధైర్యం ఎవరికుంటుంది?

ఆ ధైర్యం ఉన్నది ఈ జిల్లాకే. అందుకే రాస్తుంటే నవ్వు సగంలో ఆగిపోతుంది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య దేశ్‌ముఖ్ మనుషుల తూటాకు కూలాడు. కడవెండి ఆనాడు నల్లగొండ జిల్లాలోనిదే. అక్కడ అంటుకున్నది 1951 దాకా మండింది. భూమి కోసం, వెట్టి పోవడం కోసం, 'నీ బాంచెన్ దొరా' అనే మాట నోటివెంట రాకుండా పోవడం కోసం జనం తుపాకి పట్టారు. గడీలు కూలాయి. ఇప్పుడు ఆ జనం మనవలు తలా ఇంత చందా వేసుకుని దొరలను అచ్చు వేయించుకుంటున్నారు. గడీ దొరకు పెత్తనం తాతముత్తాతల నుంచి వచ్చింది. ఫ్లెక్సీ దొరకు చదరపు అడుగు లెక్కన వస్తోంది.

ఈ జబ్బు మనకొక్కరికే ఉందని సిగ్గుపడనక్కర్లేదు. రష్యా వైపు చూడండి. 1991 డిసెంబర్ 26న సోవియట్ యూనియన్ ముగిసిపోయింది. పతకాలు ముగియలేదు. సాజీ ఉమలాతొవా అనే మాజీ ప్రజాప్రతినిధి ఒక 'శాశ్వత ప్రెసీడియం' పెట్టుకుని, లేని దేశం పేరుతో ఉన్నవాళ్ల ఛాతీల మీద సోవియట్ పతకాలు గుచ్చుతూ వచ్చారు. కమ్యూనిస్టు పార్టీ తన పతకాలు తాను వేసింది. ఇంకోవైపు జారు చక్రవర్తి కుటుంబాన్ని 1918లోనే కాల్చి చంపారు గదా, ఆ వంశానికి పెద్దను నేనేనంటూ మాడ్రిడ్‌లో ఉండే మరియా వ్లదిమీరొవ్నా సెయింట్ ఆన్నా, సెయింట్ స్టానిస్లాస్ పతకాలు ఇస్తారు. ఇవి చూసి క్రెమ్లిన్‌కు కూడా నోరూరింది కాబోలు, జారుల నాటి సెయింట్ ఆండ్రూ పతకాన్ని 1998లో అధికారికంగానే పైకి తీసింది. సెయింట్ జార్జ్ పతకానికీ మళ్లీ ప్రాణం పోసింది. అంటే మాస్కో వీధిలో పతకాల కోటు వేసుకున్న పెద్దమనిషి ఎదురైతే, అందులో బతికున్న ప్రభుత్వం ఇచ్చినవి ఎన్నో, చచ్చిపోయిన రెండు ప్రభుత్వాల పేరిట వచ్చినవి ఎన్నో కంటితో చెప్పలేం. ఇత్తడీ అదే, ఎనామెలూ అదే, రిబ్బనూ ఇంచుమించు అదే. తేడా పతకంతో పాటు వచ్చే చిన్న పుస్తకంలో ఉంటుంది, ఆ సంతకం ఎవరిదో చూడాలి. ప్రభుత్వ పతకాలను పోలిన ఆర్డర్లను అధికారులకూ షావుకార్లకూ పంచిపెట్టిన ఒక 'అకాడమీ'ని అక్కడి సుప్రీంకోర్టు 2008లో మూయించాల్సి వచ్చింది.

అయితే అధికారికం అన్నంత మాత్రాన కళ్లకద్దుకోనక్కర్లేదు. 2023లో చెచెన్యా అధినేత కదిరోవ్ కొడుకు, పదిహేనేళ్ల పిల్లవాడు, జైల్లో ఒక ఖైదీని కొడుతున్న వీడియో బయటికొచ్చింది. వెంటనే ఆ పిల్లవాడికి 'చెచెన్యా వీరుడు' బిరుదు దక్కింది. ముద్రా సంతకమూ అన్నీ సక్రమం. నాయకుల కొడుకుల పుట్టినరోజు ఫ్లెక్సీలు చూసి పెరిగిన మాకు ఇందులో వింతేమీ తోచదు.

మన అసలు పతకాల సంగతికొద్దాం. భారతరత్న, పద్మ పురస్కారాలు 1954లో మొదలయ్యాయి. ఇవీ బిరుదులేనని 1977లో జనతా ప్రభుత్వం ఆపేసింది, 1980లో మళ్లీ వచ్చాయి. 1995 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది: ఇవి పురస్కారాలు, బిరుదులు కావు. కాబట్టి పేరుకు ముందు గాని వెనక గాని తగిలించుకోరాదు. తగిలించుకుంటే వెనక్కి తీసుకోవచ్చు. 2012 నాటి 'దేనికైనా రెడీ' సినిమాలో నటుల పేర్ల ముందు 'పద్మశ్రీ' వేసిన పాపానికి వ్యవహారం హైకోర్టు దాటి సుప్రీంకోర్టు దాకా పోయింది.

నార్కట్‌పల్లి చౌరస్తా నుంచి రామన్నపేట దారి పడితే వెల్లంకి వస్తుంది. అక్కడ కూరెళ్ల విఠలాచార్య గారు సొంత ఇంటిని గ్రంథాలయం చేసి, రెండు లక్షల దాకా పుస్తకాలు పోగేశారు. 2024లో పద్మశ్రీ వచ్చింది. ఆలేరు వైపు చింతకింది మల్లేశం, తల్లి నేతకు నూలు ఆసు పోసీ పోసీ భుజం నొప్పితో పడే బాధ చూడలేక ఆసు యంత్రం తయారుచేసినాయన, 2017 పద్మశ్రీ. నల్లమల అంచున లింగాల మండలానికి చెందిన కిన్నెర దర్శనం మొగిలయ్య, 2022 పద్మశ్రీ. రెండేళ్లు తిరిగేసరికి ఆయన కూలిపని చేస్తున్న ఫొటో పేపర్లలో వచ్చింది. పద్మ పురస్కారంతో నగదు రాదు. రాష్ట్రపతి సంతకంతో సనదు, ఒక పతకం వస్తాయి, అంతే.

ఇప్పుడు న్యాయం చూడండి. మొగిలయ్య తన పేరు ముందు 'పద్మశ్రీ' అని అచ్చు వేయించుకుంటే నిబంధన అడ్డొస్తుంది. అదే చౌరస్తాలో ఏ పద్మమూ ముట్టని పెద్దమనిషి 'కళావిభూషణ సేవారత్న' అని నలభై అడుగుల ఫ్లెక్సీ కట్టిస్తే అడ్డేమీ లేదు. సంపాదించినవాడు దాచుకోవాలి, సంపాదించనివాడు ఊరేగొచ్చు. తా దూర కంత లేదు, మెడకో డోలు అంటారే, ఇక్కడ డోలుకు పర్మిషన్ ఉంది, కంతకే లేదు.

18వ అధికరణ తెరిచి ఉంచిన తలుపులు రెండే అన్నాను. ఒకటి సైనికం. ఇదే రహదారి మీద ఇంకొంత దూరం పోతే సూర్యాపేట. అక్కడి కోర్టు చౌరస్తాలో కల్నల్ బిక్కుమళ్ల సంతోష్‌బాబు విగ్రహం ఉంది. 16 బిహార్ పటాలానికి కమాండింగ్ ఆఫీసర్. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో చైనా సైనికులతో పోరులో చనిపోయారు. మరుసటి గణతంత్ర దినాన మహావీర్ చక్ర ప్రకటించారు. వెండి పతకం, సగం తెలుపు, సగం కాషాయం రిబ్బను. ఇది పేరు పక్కన రాసుకోదగ్గదే, రాజ్యాంగమే ఒప్పుకుంది. రాసుకునే మనిషి మాత్రం లేరు. ఆ విగ్రహానికి ఎదురుగా జన్మదిన శుభాకాంక్షల ఫ్లెక్సీ కట్టి 'వీరుడు', 'యోధుడు' అని రాయించేవాళ్ల చేయి వణకకపోవడమే నాకు ఆశ్చర్యం. ఏ యుద్ధం, ఎవరితో, ఎప్పుడు? సర్పంచి ఎన్నిక కాక మరేదైనా ఉంటే చెప్పండి, వింటాం.

రెండో తలుపు విద్య. దీంట్లోంచి దూరుతున్నవాళ్లతో ఇప్పుడు తలుపే ఊడిపోయింది. నార్కట్‌పల్లిలోనే కామినేని వైద్య కళాశాల ఉంది. నాలుగున్నరేళ్ల చదువు, పైన ఏడాది హౌస్ సర్జన్సీ చేస్తే గాని అక్కడి పిల్లలు పేరు ముందు 'డాక్టర్' పెట్టుకోలేరు. అదే ఊరి చౌరస్తాలో పదో తరగతి దగ్గరే చదువుకు దండం పెట్టిన అన్న ఒక ఆదివారం పొద్దున పోయి సాయంత్రానికి డాక్టర్ అయి తిరిగొస్తాడు. పేరులో 'గ్లోబల్' అనో 'పీస్' అనో ఉన్న ఒక విశ్వవిద్యాలయం ఏదో హోటల్ హాల్లో తెరుచుకుని, అద్దె గౌన్లు తొడిగి, ఫొటోలు తీసి, భోజనాలయ్యాక మూతపడుతుంది. ఏ విభాగంలో డాక్టరేట్ అంటే 'సమాజసేవ' అంటారు. సేవ ఎవరికి అందిందని అడిగితే సన్మానసభకు కుర్చీలు సప్లై చేసినాయన చెయ్యెత్తుతాడు. ఆయనకింకా డబ్బు అందలేదు.

ఒకప్పుడు ఆంధ్ర విశ్వవిద్యాలయం 'కళాప్రపూర్ణ' ఇచ్చేది. అది పుచ్చుకున్నవాళ్లు పండితులు, కవులు, కళాకారులు. ఇచ్చిన చేయి ఎవరిదో లోకానికి తెలుసు, తప్పు ఇస్తే నిలదీయడానికి ఒక చిరునామా ఉంది. ఈ హోటల్ డాక్టరేట్‌కు చిరునామా అడిగితే జీమెయిల్ ఐడీ ఇస్తారు.

కాబట్టి పాఠక మహాశయులారా, ఈసారి సన్మానసభకు చందా అడగడానికి వస్తే, ఇవ్వండి, ఊళ్లో ఉండాలి గదా. ఇచ్చే ముందు మాత్రం ఒక్కటి అడగండి: ఇచ్చేదెవరు, వాళ్లకా అధికారం ఎవరిచ్చారు? పద్మ గ్రహీతల పేర్లు ప్రభుత్వ వెబ్‌సైట్లో ఉంటాయి. నకిలీ విశ్వవిద్యాలయాల జాబితాను యూజీసీ తానే విడుదల చేస్తుంది. ఫోన్లో రెండు నిమిషాల పని. చూసి మాట్లాడితే 'డాక్టర్' గారికి కోపమొస్తుంది, రానివ్వండి.

చట్టం గురించి మాత్రం ఆయన భయపడనక్కర్లేదు. డిగ్రీ ఇచ్చే హక్కు లేని సంస్థ డిగ్రీలిస్తే ఏం చేయాలో 1956 నాటి యూజీసీ చట్టం 24వ సెక్షన్‌లో రాసి ఉంది. అక్కడ చెప్పిన గరిష్ఠ జరిమానా వెయ్యి రూపాయలు.